మూడో సీసా దగ్గర ఆగాను: ల్యాబ్ పోస్టుకి నా మైక్రోబయాలజీ ప్రిపరేషన్

డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) అయిన కొత్తలో, 2019లో, రైల్వే పారామెడికల్ పరీక్ష మొదటిసారి రాశాను. రాలేదు. ఆ తర్వాత గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేరాను. కొత్తపేట తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, వీధి పొడవునా ఆసుపత్రులు, మందుల షాపులు, ల్యాబులే. పొద్దున ఏడింటికి వెళ్తే యూరిన్ కల్చర్లు (మూత్రంలోని బ్యాక్టీరియాని పెంచి చూడటం), కళ్లె స్మియర్లు (గాజు పలక మీద పూతలు), టైఫాయిడ్‌కి చేసే వైడాల్ టెస్టులు, సాయంత్రం దాకా తల ఎత్తే పని ఉండదు. 2024లో మళ్లీ నోటిఫికేషన్ పడగానే, ఇన్నేళ్లు బెంచి దగ్గర పనిచేశాను కదా, మైక్రోబయాలజీ నల్లేరు మీద బండి నడకే అనుకున్నాను. పాత పేపరు ఒకటి తీసి టైం పెట్టుకుని రాశాను. మైక్రోబయాలజీలో సగం బిట్లు తప్పు.

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. తప్పు పోయినవి ఎక్కడివో కావు, నేను రోజూ చేసే పని మీద అడిగినవే. చేతులు అలవాటు కొద్దీ చేసుకుపోతున్నాయి. ఏది ఎందుకు చేస్తున్నానో నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఈసారి నా చదువంతా ఆ ‘ఎందుకు’ చుట్టూనే తిరిగింది. ల్యాబ్‌లో పని చేస్తూ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

పరీక్ష సంగతి తెలియనివాళ్లకి ఒక్క మాట. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. 70 మన సబ్జెక్టువి. మిగతా 30 జనరల్ అవేర్‌నెస్, అర్థమెటిక్ రీజనింగ్, జనరల్ సైన్స్, తలా పది. తప్పుకి మూడో వంతు మార్కు పోతుంది. ఆ 70లో బయోకెమిస్ట్రీ, హెమటాలజీ, పాథాలజీ కూడా ఉంటాయి కానీ నన్ను ముంచింది మైక్రోబయాలజీ కాబట్టి దాని గురించే చెబుతాను.

బ్యాక్టీరియాకి రంగులు వేసి పాజిటివ్, నెగటివ్ అని రెండు రకాలుగా విడదీసే గ్రామ్ స్టెయినింగ్‌తో మొదలుపెట్టాను. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, గ్రామ్స్ అయోడిన్ ఒక నిమిషం, అసిటోన్ కొన్ని సెకన్లు, సాఫ్రనిన్ అర నిమిషం నుంచి నిమిషం. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ బిట్‌లో అడిగింది అయోడిన్ చేసే పని ఏమిటని. నేను స్టెయిన్ అని పెట్టాను. అది మోర్డెంట్. ఆ మాట ఎప్పుడో చదివి మర్చిపోయాను. పెడన కలంకారీ అద్దకం చూసినవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. అక్కడ రంగు గుడ్డని పట్టుకోవడానికి పటిక వాడతారు. ఇక్కడ అయోడిన్ క్రిస్టల్ వయొలెట్‌తో కలిసి పెద్ద ముద్దలా తయారై కణం లోపల ఇరుక్కుంటుంది.

అసలు కథ మూడో సీసాది. అసిటోన్ గానీ ఆల్కహాల్ గానీ పోసినప్పుడు గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాలో మందంగా ఉన్న పెప్టిడోగ్లైకాన్ గోడ నీరు పోయి బిగుసుకుంటుంది, రంధ్రాలు మూసుకుంటాయి, ఊదా రంగు లోపలే ఉండిపోతుంది. గ్రామ్ నెగటివ్‌లో బయటి పొరలో ఉన్న కొవ్వు కరిగిపోతుంది, లోపలి గోడేమో పలచన, రంగు కారిపోతుంది. ఖాళీ అయిన కణానికి సాఫ్రనిన్ గులాబీ రంగు ఇస్తుంది. ఇంతవరకూ అర్థమైతే ఇంకో అయిదారు బిట్లు వాటంతట అవే వస్తాయి. అసిటోన్ వేయడం మర్చిపోతే? అన్నీ ఊదాగా ఉంటాయి. ఎక్కువసేపు ఉంచితే? పాజిటివ్‌లు కూడా గులాబీ అవుతాయి. గోడే లేని మైకోప్లాస్మా? అది గ్రామ్ స్టెయిన్‌లో ఊదా రంగు నిలుపుకోలేదు.

చేరిన కొత్తలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. శనివారం పెట్టిన చీము కల్చర్ ప్లేటు ఆదివారం సెలవు కావడంతో సోమవారం తీశాను. స్మియర్‌లో గుత్తులుగా కోకై (గుండ్రటి బ్యాక్టీరియా) ఉన్నాయి, కానీ కొన్ని ఊదా, కొన్ని గులాబీ. రెండు రకాల జీవులు పెరిగాయేమోనని రాయబోతుంటే మా సీనియర్ మాస్టారు, “అమ్మాయ్, ఆ ప్లేటు ఎన్నాళ్లది?” అని అడిగారు. రోజు చెప్పగానే, “ముసలి కల్చర్ మీద గ్రామ్ చూడకమ్మా. సబ్‌కల్చర్ చేసి రేపు చూడు” అన్నారు, అంటే కొత్త ప్లేటు మీదికి మార్చి పెంచమని. మర్నాడు చూస్తే అన్నీ ఊదా. కల్చర్ పాతబడితే కణాల గోడ బలహీనపడి రంగు నిలవదు. అందుకే 18 నుంచి 24 గంటల కల్చర్ వాడాలి. ఆ రోజు మాస్టారు చెప్పింది చేశాను తప్ప కారణం అడగలేదు. పరీక్షకి చదివేటప్పుడు ఆయనకి ఫోన్ చేసి మరీ అడిగాను. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన పద్ధతి ఇంకా మన చేతుల్లో ఉందంటే ఎంత గట్టిదో చూడండి.

క్షయ బ్యాక్టీరియాని చూడటానికి రంగు వేసే జీల్ నీల్సన్ పద్ధతి కూడా ఇలాగే చదివాను. క్షయ బ్యాక్టీరియా గోడలో మైకాలిక్ యాసిడ్ ఉంటుంది, మైనం పూసినట్టే. మామూలుగా రంగు దిగదు, అందుకే కార్బోల్ ఫుక్సిన్ పోసి కింద నుంచి వేడి చేస్తాం. ఆవిరి రావాలి, మరగకూడదు, ఎండిపోకూడదు. ఒకసారి లోపలికి వెళ్లాక ఆ మైనమే రంగుని కాపాడుతుంది, 20 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌కి కూడా లొంగదు. కుష్టు బ్యాక్టీరియా అంత గట్టిది కాదు కాబట్టి దానికి 5 శాతమే వాడతాం. కళ్లె గ్రేడింగ్ మాత్రం కంఠస్థం చేయాల్సిందే: 100 ఫీల్డుల్లో (మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే భాగం ఒక ఫీల్డు) ఒక్క బ్యాక్టీరియా కూడా లేకపోతే నెగటివ్, 1 నుంచి 9 అయితే స్కాంటీ, 10 నుంచి 99 అయితే 1 ప్లస్. ఫీల్డుకి 1 నుంచి 10 ఉంటే 2 ప్లస్, 10 దాటితే 3 ప్లస్. 2 ప్లస్‌కి 50 ఫీల్డులు, 3 ప్లస్‌కి 20 ఫీల్డులు చూస్తే చాలు. రాబర్ట్ కాక్ క్షయ బ్యాక్టీరియాని ప్రకటించింది 1882 మార్చి 24న. ప్రపంచ క్షయ దినం ఆ రోజే కాబట్టి జనరల్ అవేర్‌నెస్‌కి కూడా పనికొస్తుంది.

స్టెరిలైజేషన్, అంటే సూక్ష్మజీవుల్ని పూర్తిగా లేకుండా చేయడం, నాకు వంటింట్లో అర్థమైంది. ఆవిరితో పనిచేసే ఆటోక్లేవ్ అంటే 121 డిగ్రీలు, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి, 15 నిమిషాలు. పొడి వేడితో పనిచేసే హాట్ ఎయిర్ ఓవెన్ 160 డిగ్రీలు, 2 గంటలు. వేడి ఎక్కువైనా టైం ఎందుకు ఎక్కువ పడుతుందన్నది నాకు చాలాకాలం వింతగా ఉండేది. తడి వేడి ప్రొటీన్లని గడ్డ కట్టిస్తుంది, అది త్వరగా అయిపోతుంది. పొడి వేడి ఆక్సీకరణతో నెమ్మదిగా చంపాలి. ఇక కుక్కర్ సంగతి. మా అమ్మ ఎప్పుడూ ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెట్టమంటుంది. ఆటోక్లేవ్‌లో కూడా గాలంతా బయటికి పోయాకే వాల్వు మూయాలి. లోపల గాలి మిగిలితే గేజి మీద 15 పౌండ్లు కనిపించినా వేడి 121కి చేరదు. అందుకే గేజిని నమ్మి ఊరుకోకుండా వేడికి బాగా తట్టుకునే జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లతో పరీక్షిస్తారు. నూనెలు, పౌడర్లలోకి ఆవిరి దూరదు, వాటికి ఓవెన్. సీరమ్ వేడికి పాడవుతుంది, దానికి 0.22 మైక్రాన్ ఫిల్టర్. క్షయ బ్యాక్టీరియాని పెంచడానికి గుడ్లతో చేసే ఎల్‌జే మీడియంకి ఇన్‌స్పిసేషన్, 80 నుంచి 85 డిగ్రీలు, అరగంట చొప్పున వరసగా మూడు రోజులు. ఏ వస్తువుకి ఏ పద్ధతి అన్న జతపరిచే ప్రశ్నల్లో ఆ తర్వాత నాకు ఒక్కటీ తప్పు పోలేదు.

మీడియాలకి, అంటే బ్యాక్టీరియాని పెంచే ఆహారాలకి, ఒక నోట్‌బుక్ పూర్తిగా పెట్టాను. అగార్ అంటే కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని అమ్మేదే. కాక్ దగ్గర పనిచేసిన వాల్తర్ హెస్సే భార్య ఫానీ హెస్సే తన వంటింటి అనుభవంతో దీన్ని సూచించింది. అంతకుముందు వాడిన జెలటిన్ 37 డిగ్రీల దగ్గర కరిగిపోయేది. అగార్ మరిగే నీటి వేడికి దగ్గరలో కరిగి, 42 డిగ్రీల ప్రాంతంలో గడ్డకడుతుంది. ఆవిడ పేరు ఆప్షన్లలో కనిపిస్తే నాకిప్పటికీ సంతోషమే. బ్లడ్ అగార్‌కి రక్తం కలిపేది 45 నుంచి 50 డిగ్రీల దగ్గర. దాన్నే 75, 80 డిగ్రీలకి వేడి చేస్తే ఎర్రకణాలు పగిలి చాక్లెట్ రంగు వస్తుంది, హీమోఫిలస్ అనే బ్యాక్టీరియాకి కావలసిన ఎక్స్, వీ ఫ్యాక్టర్లు బయటికి వస్తాయి. మెకాంకీ అగార్‌లో బైల్ సాల్ట్స్ గ్రామ్ పాజిటివ్‌లని ఆపుతాయి, లాక్టోజ్ వాడుకున్నవి యాసిడ్ చేసి న్యూట్రల్ రెడ్ వల్ల గులాబీగా కనిపిస్తాయి. ఈ-కోలై, క్లెబ్సియెల్లా గులాబీ. సాల్మొనెల్లా, షిగెల్లా రంగులేనివి.

యూరిన్ కల్చర్ లెక్క చాలామంది వదిలేస్తారు, వదలకండి. లూప్‌లో (శాంపిల్ తీసే తీగ చుట్ట) పట్టేది 0.001 మిల్లీలీటరు. 100 కాలనీలు వస్తే వెయ్యితో గుణించాలి, అంటే మిల్లీలీటరుకి లక్ష. ఇన్ఫెక్షన్ ఉందనడానికి మనం రిపోర్టులో చూసే హద్దు అదే.

బయోకెమికల్ టెస్టుల దగ్గర కూడా కారణాలే పట్టుకున్నాను. స్టెఫైలోకోకస్, స్ట్రెప్టోకోకస్‌లని బుడగలు చూసి వేరు చేసే క్యాటలేజ్ టెస్టుకి బ్లడ్ అగార్ మీద కాలనీ తీసేటప్పుడు రక్తం తగలకూడదు, ఎర్రకణాల్లో కూడా క్యాటలేజ్ ఉంటుంది, బుడగలు వచ్చేస్తాయి. స్ట్రెప్టోకోకస్ కూడా స్టెఫైలోకోకస్‌లా కనిపిస్తుంది. ఆక్సిడేజ్‌కి నైక్రోమ్ లూప్ వాడకూడదు, ఆ లోహం వల్ల తప్పు పాజిటివ్ వస్తుంది. ఇమ్విక్ (నాలుగు టెస్టుల వరస) మాత్రం కాగితం మీద రాసి వంటింటి అలమరాకి అంటించాను: ఈ-కోలై ప్లస్ ప్లస్ మైనస్ మైనస్, క్లెబ్సియెల్లా న్యుమోనియే సరిగ్గా తిరగేసి. ఇది కూడా బట్టీయే, వేరే దారి నాకు దొరకలేదు.

ఫంగస్‌లకి ఎక్కువ టైం పెట్టలేదు. కేఓహెచ్, సబురాడ్ అగార్, కాండిడాకి జెర్మ్ ట్యూబ్, క్రిప్టోకోకస్‌కి ఇండియా ఇంక్, అంతే. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ మాత్రం గుంటూరువాళ్లం మర్చిపోకూడదు. మిర్చి తడిగా ఉండగానే నిల్వ చేస్తే ఈ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కళ్లాల్లో కాయల్ని అంతగా ఎండబెట్టడం రంగు కోసం, ధర కోసమే కాదని చదివాకే నాకు తెలిసింది.

చదివింది ఎక్కువ రైల్లోనే. మాది మంగళగిరి. పొద్దున గుంటూరు వెళ్లేటప్పుడు ఒక అంశం చదివేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు పుస్తకం మూసి, దాన్ని ఎవరికో చెబుతున్నట్టు మనసులో చెప్పుకునేదాన్ని. ఎక్కడ తడబడితే అక్కడ చిన్న కాగితం మీద రాసుకుని మర్నాడు ల్యాబ్‌లో ఆ పని చేస్తూ చూసేదాన్ని. ఆదివారాలు మాక్ టెస్ట్. తెలియనిది ఊహించి పెట్టే అలవాటు మాన్పించడానికే నాకు రెండు నెలలు పట్టింది. రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితేనే మిగతా రెంటిలో ఒకటి పెట్టాను.

ఈసారి షార్ట్‌లిస్ట్‌లో నా నంబరు ఉంది. అయినా చివరిదాకా నన్ను ఇబ్బంది పెట్టినవి చెప్పాలి. చిన్న ల్యాబులో అనారోబిక్ కల్చర్ (ఆక్సిజన్ లేకుండా పెంచడం) పెట్టరు, వైరస్‌లు పెంచరు. నా చేతికి అలవాటు లేని ఈ భాగాలు ఎంత చదివినా జారిపోయేవి. మెకింతోష్ జార్‌లో ఆక్సిజన్ పోతే మెథిలీన్ బ్లూ రంగు కోల్పోతుంది, ఈ బిట్ నాలుగుసార్లు తప్పు రాశాను. రాబర్ట్‌సన్ కుక్డ్ మీట్ మీడియంలో మాంసం గులాబీ అయితే చక్కెరలు వాడుకునే జీవి, నల్లబడి కుళ్లు వాసన వస్తే ప్రొటీన్లు విరగ్గొట్టే జీవి, ఇది కూడా తారుమారయ్యేది. మీరూ బెంచి మీద నుంచి వచ్చి చదువుతున్నవాళ్లయితే, మీ ల్యాబ్‌లో జరగని పరీక్షల పట్టిక ఇవాళే రాసుకోండి. వాటికి మొదటి నెలలోనే టైం కేటాయించండి. నేను ఆఖరి మూడు వారాలకి వాయిదా వేశాను, అది చాలలేదు.