సోషియాలజీ ఆప్షనల్: సామాజిక పరివర్తనను నేను చదివిన తీరు

సివిల్స్ తుది ఫలితాలు వచ్చినప్పటి నుంచి, నా ఆప్షనల్ (మెయిన్స్‌లో అభ్యర్థి ఎంచుకునే సబ్జెక్టు) అయిన సోషియాలజీలో సామాజిక పరివర్తనను ఎలా చదివారని జూనియర్లు అడుగుతున్నారు కనుక, ఆ ఒక్క అంశం గురించే రాస్తున్నాను. మొదటి పేపర్ సిద్ధాంతాల విషయంలో నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. కోచింగ్ సెంటర్లుండే బెంగళూరు విజయనగర్‌లో ఏ జిరాక్స్ షాపులో అడిగినా మార్క్స్, పార్సన్స్ నోట్సు స్పైరల్ బైండింగుతో సహా చేతికిస్తారు.

చిక్కంతా భారత సమాజం మీద ఉండే రెండో పేపర్‌లోనే ఉంది. సంస్కృతీకరణ (కింది కులాలు పై కులాల ఆచారాలు అనుసరించి హోదా పెంచుకోజూడటం) అనగానే అభ్యర్థులందరూ సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో కూర్గ్‌లోని కొడవ ప్రజల గురించి ప్రచురించిన పుస్తకంతో మొదలుపెట్టి, అది కులం స్థానంలో మార్పే గాని కుల వ్యవస్థ నిర్మాణంలో మార్పు కాదన్న వాక్యంతో ముగిస్తారు. తప్పేమీ లేదు, కానీ పేపర్లు దిద్దేవారికి అది కంఠతా వచ్చిన పాఠం.

నాకు దారి దొరికింది మానవశాస్త్రవేత్త స్కార్లెట్ ఎప్‌స్టీన్ దగ్గర. 1950లలో ఆమె కర్ణాటకలోని మండ్య ప్రాంతంలో వంగల, దలేన అనే పేర్లతో రెండు గ్రామాలను పరిశీలించారు. వంగలకు కాలువ నీరు వచ్చింది, చెరకు వేశారు, చేతిలో డబ్బు ఆడింది. అయినా రైతుకూ కూలికీ మధ్య తరతరాల కట్టుబాట్లు చాలావరకు అలాగే నిలిచాయి. దలేన పొలాలు మెరక మీద ఉండటంతో నీరు ఎక్కలేదు. ఆ ఊరివాళ్లు మండ్యలో ఉద్యోగాలు, వ్యాపారాలు వెతుక్కున్నారు, పొరుగూళ్లలో మాగాణి కొన్నారు, ఆ క్రమంలో పాత సంబంధాలు సడలిపోయాయి. నీరు రాని ఊరే ఎక్కువ మారిందన్నమాట! ఆర్థిక వృద్ధినీ సామాజిక పరివర్తననూ ఒకే గాటన కట్టకూడదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఆధారం నాకు కనబడలేదు.

అయితే మన డెల్టా దీనికి ఎదురు నిలుస్తుంది. కోస్తాంధ్ర రైతు కుటుంబాలు సేద్యపు మిగులును పట్టణ వ్యాపారాలకు మళ్లించిన తీరును మానవశాస్త్రవేత్త కెరోల్ ఉపాధ్య 1980లలో రాశారు. మా పీజీ (పేయింగ్ గెస్ట్) వసతిలోని తణుకు మిత్రుడి ఇంట్లో వరి డబ్బు మొదట రైస్‌మిల్లు, తరువాత సినిమాహాలు అయింది. రెంటినీ పక్కపక్కన పెట్టి, నీరు ఒక్కటే మార్పును నిర్ణయించదనీ, దగ్గర్లో పట్టణమూ పెట్టుబడికి దారీ ఉండటం కూడా లెక్కలోకి వస్తాయనీ రాస్తే, హరిత విప్లవం మీదా పట్టణీకరణ మీదా వచ్చే ప్రశ్నలకు ఒకే సరుకు అక్కరకొస్తుంది.

సిలబస్‌లోని జనాభా యూనిట్‌కు 2011 జనగణన, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు సరిపోతాయి. తెలుగు సాహిత్యం తీసుకోక ఈ తంటా ఎందుకని ఇంట్లో ఇప్పటికీ అంటారు. ఆ ఆప్షనల్ మీద నాకు గౌరవమే, కానీ రోజూ కూర్చుని జవాబులు రాయడం దానికీ తప్పదు.