కూల్చిన ఇంటి ఇటుకలు, మా పెరటి దారి

ఈ ఆదివారమంతా దుమ్ములోనే గడిచింది. గోళ్ళ సందుల్లో సున్నం ఇంకా పోలేదు.

పెరట్లో గేటు దగ్గర్నుంచి కుళాయి దాకా ఒక దారి, దాని పక్కన రెండు మడులు, చెట్టు కింద కూర్చోడానికి చిన్న చోటు. మేం అనుకున్నది ఇంతే. వాన పడితే చాలు, అక్కడి బురదంతా మా కాళ్ళతో వంటింట్లోకి వచ్చేస్తుంది. కొత్త సామానుకి లెక్క కట్టి చూస్తే మొత్తం పెరటికని పక్కన పెట్టిన డబ్బు ఒక్క దారికే చాలేట్టు లేదు. సరే, పాతవే వెతుకుదామని తమ్ముణ్ణి వెంటేసుకుని పొద్దున్నే బయల్దేరాను.

ముందు పాత సామాను అమ్మే చోటికి వెళ్ళాం. ఇటుకలు ఉన్నాయి, చక్కగా గీకి, వరసగా పేర్చి పెట్టారు. ఆ గీకుడికీ పేర్పుకీ కూడా ధర వేశారు కాబట్టి కొత్తవాటితో పెద్ద తేడా కనిపించలేదు. అదే ఇల్లు కూల్చే చోటయితే బేరం వేరేగా ఉంటుంది. అక్కడ ఇటుక అమ్ముడుపోవాల్సిన సరుకు కాదు, అడ్డం తొలగాల్సిన చెత్త. దాన్ని ఎత్తి పారబోయడానికి వాళ్ళకే బండి ఖర్చు. మేం వెళ్ళిన చోట మేస్త్రీ అదే అన్నాడు: "ఎల్లుండి జేసీబీ వస్తుందమ్మా. ఈలోగా మీరే ఏరుకుని పట్టుకుపోతానంటే నాకు సగం పని తప్పుతుంది." నామమాత్రం డబ్బు తీసుకున్నాడు.

ఏరడం మొదలుపెట్టాక తెలిసింది, ఒకే ఇంట్లో రెండు కాలాలున్నాయని. పాత గోడలు సున్నంతో కట్టినవి. సుత్తితో ఒక్కటి తగిలిస్తే సున్నం పొరలుగా రాలిపోయి ఇటుక శుభ్రంగా చేతికొచ్చేది. వెనక తర్వాతెప్పుడో కలిపిన గది సిమెంటుది. ఆ సిమెంటు ఇటుక కంటే గట్టిగా పట్టుకుంటుంది; ఊడదీయబోతే ఇటుక మొహమే ఊడి వస్తుంది. ఆ గది జోలికి పోలేదు.

సున్నం గోడలోవి కూడా అన్నీ పనికిరావు. రెండింటిని ఒకదానికొకటి తాటిస్తే ఖంగుమనాలి. బద్ బద్ మంటే సరిగా కాలలేదన్నమాట. గోరుతో గీస్తే గీత పడకూడదు. ఇంటి లోపలి గోడలో, పైన పూత కింద, మెత్తటి ఇటుక కూడా ఏళ్ళ తరబడి నిలబడుతుంది. అదే నేల మీద తడిలో పెడితే రెండు వానలకే పొడి రాలుతుంది. తెల్లగా ఉప్పు పూసినవి, అడుగు వరసలో చెమ్మ పీల్చినవి పక్కన పడేశాం. తమ్ముడు మొదట్లో ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని తాటించాడు. కాసేపయ్యాక బరువు చూసే చెప్పేస్తున్నాడు.

లెక్క ఇంటి దగ్గరే వేసుకుని వెళ్ళాను. దారి 2 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు, అంటే 50 చదరపు అడుగులు. 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 మందం ఉన్న ఇటుకని పడుకోబెడితే చదరపు అడుగుకి మూడున్నర పడతాయి, అంటే దాదాపు 180. అంచు మీద నిలబెట్టి పేరిస్తే దాదాపు 270 పడతాయి. గట్టిదనం నిలబెట్టినదానికే ఎక్కువ గానీ మనుషులు మాత్రమే నడిచే దారికి పడుకోబెట్టినవి చాలు. విరిగేవాటికి కొన్ని కలిపి 200 ఏరాం. ఒక్కోటి సుమారు 3 కిలోలు, అంటే అర టన్ను పైమాటే. చివరికి బండి కిరాయి ఇటుకల ధరని దాటింది. పాత సామాను చౌక అనేవాళ్ళు ఈ మాట ఎందుకో ముందు చెప్పరు. దూరాన ఊరికే ఇస్తామన్నవాటికంటే దగ్గర్లో డబ్బుకి అమ్మేవే ఒక్కోసారి చౌక పడతాయి.

"ఇటుకలు చవకేలే అక్కా, నా నడుమే ఖరీదు" అన్నాడు తమ్ముడు బండిలోకి ఎక్కిస్తూ.

ఇంకా ఏవేవో ఊరికే ఇస్తానన్నాడు మేస్త్రీ. ఆస్‌బెస్టాస్ రేకులు మడుల అంచుకి బావుంటాయట. వద్దన్నాను. అవి విరిగినప్పుడు, కోసినప్పుడు లేచే సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో దిగితే మళ్ళీ బయటికి రావు. పొద్దున పాత సామాను చోట చూసిన రైలు స్లీపర్లకి, అంటే పట్టాల కింద వేసే చెక్క దిమ్మలకి, మాత్రం మనసు లాగింది. ఎంత బరువు, ఎంత దిట్టం! కానీ దగ్గరికెళితే తారులాంటి వాసన. చెక్క పుచ్చకుండా పట్టించే క్రియోసోట్ అది. ఆకుకూరల మడికి ఆనించి పెట్టేది కాదు. సరుకులొచ్చే చెక్క ప్యాలెట్లు నయం, వాటి మీద ముద్ర ఉంటుంది: హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి, ఎంబీ అని ఉంటే పురుగుల్ని చంపే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినవి. హెచ్‌టీ ముద్ర ఉన్నవి రెండు తెచ్చాను, కంపోస్టు గుంట చుట్టూ కట్టడానికి. అంతకుముందు ఏ సరుకు మోశాయో ముద్ర చెప్పదు కదా, నూనె మరకలున్నవి తీసుకోలేదు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములూ ఉన్నాయి గానీ లోపల ఏం పోశారో అమ్మేవాడికే తెలియదు.

కాగితం మీద నేను గీసుకున్నది వంకర దారి. ఇటుకల్ని చూశాక అది తిన్నని దారి అయింది. వంపు తిప్పాలంటే ఇటుకల్ని కోయాలి, పాతవి కోస్తే ఎక్కడ పగులుతాయో తెలియదు. అసలు పాత సామానుకి వెళ్ళేటప్పుడు చేతిలో కొలతలుండాలి గానీ కావలసినవాటి జాబితా కాదు. జాబితా పట్టుకుని తిరిగితే ఖరీదైనవే కొంటాం. మెట్ల దగ్గర తీసేసిన రెండు పొడవాటి రాతి బండలు నా కాగితంలో ఎక్కడా లేవు. ఇప్పుడు చెట్టు కింద కూర్చునే చోటు అవే. విరిగిన సగం ముక్కలు లెక్కలో కట్టలేదు మేస్త్రీ. వాటిని నిలువునా పాతితే దారికి రెండువైపులా గట్టు అవుతుంది, ఇటుకలు పక్కకి జరగవు.

గీకిన సున్నం పొడిని జల్లెడ పట్టి ఇసుక బదులు కింద పరుద్దామంటాడు తమ్ముడు. నేనొప్పుకోలేదు. వానకి అది మడుల్లోకి దిగితే మట్టిలో క్షారం పెరుగుతుంది. ఇసుక మాత్రం కొనాల్సిందే, రెండు అంగుళాల పరుపుకి సరిపడా. దారికి ఇంటి నుంచి అవతలికి అర అంగుళం వాలు ఇవ్వాలి. రేపు సాయంత్రం దారం కట్టి మట్టం చూస్తాం, తమ్ముడి నడుము ఒప్పుకుంటే.