మా మంట, వాళ్ళ మంట

కువైటులో ఆరేళ్ళుగా ఈ ఇంట్లో పని చేస్తున్నాను. కూరలో ఉప్పు ఎక్కువైందనీ, మగవాళ్ళు తొడుక్కునే పొడుగు చొక్కా, దిష్‌దాషా, ఇస్త్రీ మడత తప్పిందనీ, ఫోను ఎక్కువసేపు చూస్తున్నాననీ చాలా మాటలు పడ్డాను. అవన్నీ జీతంలో కలిపి ఇచ్చేవే అనుకుని ఊరుకుంటాను. మొన్న శుక్రవారం తిన్న చివాట్లు మాత్రం ఇంకా అరగలేదు. అవి పని గురించి కాదు మరి.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మగవాళ్ళు దీవానియాలో, అంటే వాళ్ళు కూర్చుని కబుర్లాడుకునే గదిలో, ఉన్నారు. నేను హాల్లో కింద కూర్చుని రాత్రికి ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడుతున్నాను. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవాళ్ళు చూస్తే నవ్వుతారేమో గానీ, నా చుట్టుడుకి ఈ ఇంట్లో మంచి పేరే ఉంది. ఏడేళ్ళ మనవరాలు టీవీలో బొమ్మల సినిమా పెట్టుకుంది. పేరు ‘ఫైర్‌హార్ట్’. ఆ పిల్ల చదివేది ఇంగ్లీషు బడి కాబట్టి సినిమా కూడా ఇంగ్లీషే. నాకు సగం మాటలు అర్థమవుతాయి, మిగతా సగం బొమ్మలే చెబుతాయి.

కథ 1932 నాటి న్యూయార్కులో జరుగుతుంది. జార్జియా అనే పిల్లకి తండ్రిలాగా మంటలార్పే ఉద్యోగం చేయాలని కోరిక. ఆడవాళ్ళకి ఆ ఉద్యోగం ఇవ్వరు. తండ్రి కూడా అందులోంచి బయటికొచ్చి దర్జీ పని చేసుకుంటూ ఉంటాడు. ఊళ్ళో నాటకశాలలు వరసగా తగలబడతాయి, ఆర్పడానికి వెళ్ళినవాళ్ళు మాయమైపోతారు. దాంతో తండ్రిని మళ్ళీ పిలుస్తారు. పిల్ల మగవేషం వేసుకుని, పేరు జో అని చెప్పి, అదే బృందంలో చేరుతుంది. తండ్రి గుర్తుపట్టడు. కన్న కూతురి గొంతు కూడా తెలియదా ఆ మనిషికి అని నాకు ఒకటే చిరాకు.

అప్పుడు పాప నా వైపు తిరిగి, “నువ్వు చిన్నప్పుడు ఇలా అవ్వాలనుకున్నావా?” అని అడిగింది. నవ్వేశాను. “ఆడపిల్లలు మంటలార్పడం బొమ్మల్లోనే ఉంటుంది బంగారం. నిజంగా అయితే నాన్నలు ఆర్పుతారు, మనం వాళ్ళకి అన్నం వండి పెడతాం” అన్నాను, నాకు వచ్చిన వంటింటి అరబ్బీలో.

సోఫాలో కునుకు తీస్తోందనుకున్న పెద్ద మామా కళ్ళు తెరిచింది. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం, ఆవిడ అత్తగారు పెద్ద మామా. (మామ అంటే మీసాలు గుర్తొచ్చే మనకి, ఈ పిలుపు నోటికి అలవాటవడానికి ఆరు నెలలు పట్టింది.) ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ రోజు పెంచింది.

“పిల్లకి అబద్ధాలు నేర్పకు. ఈ దేశం తగలబడినప్పుడు ఆర్పినవాళ్ళలో ఆడమనిషి లేదా? ఆరేళ్ళు ఇక్కడ ఉండి సారా అక్బర్ పేరు వినలేదా నువ్వు?”

వినలేదు. ఆ మాటే చెప్పాను. పాప నన్ను చూసిన చూపు, లెక్క తప్పు చేసిన టీచరును చూసినట్టుంది.

సాయంత్రం చాయ్ ఇచ్చేటప్పుడు పెద్ద మామా తనే పిలిచి కూర్చోమంది. 1991లో ఇరాక్ సైన్యం వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఆరు వందలకు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. మిట్టమధ్యాహ్నం దీపాలు వెలిగించుకున్నారట. ఆరేసిన బట్టలు తీసేసరికి మసిగుడ్డలయ్యేవట. చివరి బావి ఆరేసరికి నవంబరు వచ్చింది. ఆ మంటల మీదికి వెళ్ళిన కువైటు బృందంలో సారా అక్బర్ అనే చమురు ఇంజినీరు ఉంది, మగవాళ్ళతో సమానంగా నిలబడి బావులు మూయించింది. ఈ సంగతి చెబుతున్నప్పుడు పెద్ద మామా ముఖం, కూతురికి మొదటి ర్యాంకు వచ్చిందని చెప్పే తల్లి ముఖంలా ఉంది.

కువైటు యుద్ధం నాకు కొత్త కాదు. మా పెదనాన్న 1990లో ఇక్కడే డ్రైవరు. అమ్మాన్ దాకా ఎడారిలో వెళ్ళి, అక్కడి నుంచి విమానమెక్కి ఇంటికి చేరారు. ఆయన కథలు వింటూ పెరిగాం. అందులో బావులు తగలబడే ముందే కథ ముగిసిపోతుంది.

ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. “మా దగ్గరా బావి తగలబడింది పెద్ద మామా” అన్నాను.

“ఇండియాలో చమురు బావులా?”

కొబ్బరితోటల మధ్య, వరిచేల గట్ల పక్కన, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట బావులున్నాయంటే ఆవిడ నమ్మలేదు. ఆవిడ లెక్కలో చమురు ఇసుక కింద ఉండాలి, నీళ్ళ కింద కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి ఎగదన్నింది. నేను అప్పుడు నాలుగో తరగతి. ఆ హోరు గుర్తుంది: పక్కనే కూర్చున్న అమ్మ మాట వినాలంటే పెదవులు చూడాల్సి వచ్చేది. బావికి దగ్గరగా ఉన్న ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. మా ఇంటికి అత్తవాళ్ళు పిల్లలతో, రెండు పాడి గేదెలతో వచ్చారు. వారం తిరక్కుండా సంక్రాంతి. ఆ ఏడు మా వీధిలో ఎవరూ భోగిమంట వేయలేదు. రాత్రిపూట చీమ కనబడేంత వెలుతురు ఉండేది, కోళ్ళు ఎప్పుడు కూయాలో తెలియక ఎప్పుడు పడితే అప్పుడు కూసేవి. మార్చి 15న ఆరింది. మొత్తం రెండు నెలల పైమాటే.

“ఎన్ని బావులు?” అంది పెద్ద మామా.

“ఒకటి.”

“ఒక్కటేనా!”

వియ్యపురాలి ముందు సారె తక్కువైన దానిలా కూర్చున్నాను. ఒక్క బావే కావచ్చు, దాని పక్కన మనుషులున్నారు, గేదెలున్నాయి, కాపుకొచ్చిన చెట్లున్నాయి. ఎడారిలో ఆరు వందలూ, తోటలో ఒకటీ ఒకటి కాదు అని చెప్పాలనుకున్నాను. నా అరబ్బీ అంత దూరం పోదు.

“ఎవరు ఆర్పారు?”

“విదేశీ నిపుణులు వచ్చారు.”

“మీ ఆడవాళ్ళు ఏం చేశారు?”

“వండారు” అన్నాను. నిజమే. మా అమ్మ ఆ రెండు నెలలూ పదిహేను మందికి వండింది. కానీ ఆ మాట నా నోటి నుంచి వచ్చేసరికి, మధ్యాహ్నం పాపకు చెప్పిన మాటే మళ్ళీ చెప్పినట్టయింది. పెద్ద మామా ఏమీ అనలేదు. చాయ్ తాగేసి గ్లాసు నా చేతికిచ్చింది.

రాత్రి పడుకున్నాక తెలిసింది నేను ఏం చెప్పాలో. (మనకి జవాబులు ఎప్పుడూ పడుకున్నాకే వస్తాయి.) పాశర్లపూడి కాదు, మా పేట కథ చెప్పాల్సింది. ఏ వేసవిలోనో ఒకసారి మా పేటలో ఇళ్ళు తగలబడ్డాయి. తాటాకు ఇళ్ళు. ఎండాకాలంలోనే కదా తగలబడేది, కాలువలు కట్టేసేదీ అప్పుడే. ఇంటి ముందు కాలువ ఉంటుంది, అందులో నీళ్ళు ఉండవు. అంతకన్నా ఎగతాళి ఇంకొకటి ఉంటుందా? మగవాళ్ళు కొందరు పనుల్లోకి పోయారు. ఉన్నవాళ్ళు పక్క ఇళ్ళ కప్పులెక్కి తాటాకు పీకి పారేస్తున్నారు, మంట ఇంకో కప్పుకు అంటకుండా. చెరువు నుంచి మంట దాకా బిందెలు అందించిన వరసలో ఉన్నది మొత్తం ఆడవాళ్ళే. మా అమ్మ గోనెసంచి తడిపి పట్టుకుని గడ్డివామి మీద పడే నిప్పురవ్వల్ని కొడుతూనే ఉంది. చీర కుచ్చిళ్ళు కాలిన సంగతి సాయంత్రం చూసుకుంది. ఫైరింజను వచ్చేసరికి వాళ్ళు తడపడానికి బూడిదే మిగిలింది. మర్నాడు పేపరువాళ్ళు వచ్చి ఫైరింజను ముందు నిలబెట్టి ఫొటో తీశారు. అందులో అమ్మ లేదు.

అంటే మన దగ్గర ఆడవాళ్ళు మంటలు ఆర్పరని కాదు. ఆర్పినందుకు వాళ్ళకి టోపీ ఇవ్వరు, జీతం ఇవ్వరు, ఆర్పారని కూడా అనరు. “సాయం పట్టారు” అంటారు. ఈ వాక్యం అరబ్బీలో ఎలా అనాలో రాత్రంతా కూర్చుకున్నాను.

పొద్దున్న చెప్పలేదు. పాప సినిమా ఆట మొదలుపెట్టింది. తలకు గిన్నె బోర్లించుకుని, నన్ను తగలబడుతున్న ఇంట్లో ఇరుక్కున్న మనిషిని చేసింది. చేయి పట్టుకుని వంటింట్లోంచి, హాల్లోంచి, వాకిట్లోంచి లాక్కుంటూ “బయటికి రా, బయటికి రా” అని అరుస్తూ గేటు దాకా తీసుకెళ్ళింది. గేటుకి తాళం. తాళంచెవి మామా దగ్గర ఉంటుంది. నా పాస్‌పోర్టు కూడా ఆవిడ బీరువాలోనే ఉంది. ఇంటిపని వాళ్ళ పాస్‌పోర్టు యజమానులు ఉంచుకోకూడదని ఇక్కడ 2015లోనే చట్టం చేశారు. వారానికో రోజు సెలవు అని కూడా అందులో ఉంది. అడిగితే, “పోగొట్టుకుంటావు, భద్రంగా ఉంటుందని” అంటారు.

ఆడపిల్ల ఏదైనా కాగలదని ఈ ఇంట్లో చెబుతారు. అది మనస్ఫూర్తిగానే చెబుతారు, వేషం కాదు. ఏ ఆడపిల్ల అనేది మాత్రం చెప్పరు. ఇలా రాస్తుంటే నాకే తెలుస్తోంది, చివాట్లకి బదులు తీర్చుకుంటున్నానని. జ్వరం వచ్చినప్పుడు రెండు రోజులు నా మంచం దగ్గరికి గంజి పంపింది ఈ పెద్ద మామాయే. అయినా రాస్తాను. రెండూ నిజమే.

అసలు మంట ఇదీ కాదు. రెండేళ్ళ కిందట మా అమ్మాయి అయిదో తరగతిలో ఉండగా, ఏప్రిల్లో అగ్నిమాపక వారోత్సవాలని బడికి ఫైర్ సిబ్బంది వచ్చి గొట్టాలు విప్పి చూపించారు. ఆ సాయంత్రం వాట్సాప్‌లో ఊపిరాడకుండా చెప్పింది, తను కూడా అదే చేస్తానని. నేను పప్పు పోపు పెడుతున్నాను. “ఆడపిల్లవి, ఆ గొట్టాలు మోయగలవా? టీచరు ట్రైనింగు చూసుకో” అని పెట్టేశాను. ఈ ఇంటి పిల్లకి చెప్పిన మాటే ముందు నా పిల్లకి చెప్పాను, ఇంకా కటువుగా.

సినిమాలో తండ్రి కూడా కూతురితో వద్దంటాడు. వాడికి ఉన్నది భయం. నాది మాత్రం ఏమిటి? 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపులైను పేలినప్పుడు మా అమ్మాయి ఏడాది పిల్ల. నగరం అంటే పట్టణం కాదు, మామిడికుదురు మండలంలో ఊరు. ఇరవై మందికి పైగా పోయారు, నిద్రలో ఉన్నవాళ్ళు, అప్పుడే లేచినవాళ్ళు. ఆ రోజంతా పిల్లని చంకలోంచి దించలేదు. పొయ్యి వెలిగించడానికి చేయి రాలేదు. ఆ భయాన్ని భయం అని చెప్పి ఉంటే అమ్మాయికి అర్థమయ్యేది. ‘ఆడపిల్లవి’ అన్నాను. ఆ మాటకి ఎదురుప్రశ్న ఉండదు కదా, మనకి అదే సులువు.

ఈ వారమంతా పాప పడుకున్నాక ఫోనులో వెతికాను. సినిమాలోని ఆ న్యూయార్కు ఆడవాళ్ళని ఆ ఉద్యోగంలోకి రానిచ్చింది 1982లో. అదీ బ్రెండా బెర్క్‌మన్ అనే ఆవిడ కోర్టుకెక్కి గెలిచాకే. ఆ ఏడు నలభై మందికి పైగా చేరారు. సినిమా పిల్ల నిజంగా ఉంటే అప్పటికి మనవలున్న ముసలావిడ. మన దేశంలో నాగపూర్ అమ్మాయి హర్షిణీ కన్హేకర్ 2002లో జాతీయ అగ్నిమాపక కళాశాలలో చేరింది, ఆ కాలేజీలో అడుగుపెట్టిన మొదటి ఆడపిల్ల. చదువయ్యాక చేరింది చమురు సంస్థలోనే, ఫైర్ ఆఫీసరుగా. ఇది చదివి లేచి కూర్చున్నాను. మా బావుల లాంటి బావుల దగ్గర కాపలాకి మనమ్మాయే ఉందన్నమాట! పెద్ద మామాకి పొద్దున్నే చాయ్‌తో పాటు ఆ ఫొటో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, “మాషాల్లా” అంది. పోటీలో నాకొక మార్కు.

నిన్న శుక్రవారం ఇంటికి ఫోను చేశాను. అక్కడ సాయంత్రం ఏడున్నర. వెనకాల మా అమ్మ దీపం పెడుతోంది. అమ్మాయికి సారా అక్బర్ గురించి, హర్షిణి గురించి, బిందెల వరస గురించి అంతా చెప్పాను. చివరికి, “అప్పుడు నేను అన్న మాట తప్పు. నువ్వు ఫైర్ డిపార్టుమెంటులో చేరతానంటే నేను అడ్డం రాను” అన్నాను. ఈ మాట చెప్పడానికి వారం పట్టింది నాకు.

అమ్మాయి కాసేపు ఆగింది. “అది చిన్నప్పటి సంగతి కదమ్మా. ఇప్పుడు నేను పశువుల డాక్టరు అవుతాను.”

“ఎప్పటి నుంచి?”

“పోయిన వేసవి నుంచి. మన గేదె ఈనలేకపోతే డాక్టరుగారు చేయి పెట్టి దూడని లాగారు. దగ్గరుండి చూశాను. నీకు చెప్పాను, నువ్వు ఏదో వేయిస్తున్నావు.”

‘ఆడపిల్లవి, ఎద్దులు కుమ్మితేనో’ అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. నెట్ ఆగిపోయినట్టు ఒక నిమిషం కదలకుండా ఉండిపోయాను.

“అమ్మా, వినబడుతోందా?”

“వినబడుతోంది. ఆ దూడకి ఏం పేరు పెట్టావు?” అన్నాను.