మేడ మీది గదిలో అబ్బాయి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేడ మీద ఒక గది ఖాళీగా ఉండేది. పోయిన జూలైలో ఇక్కడి యూనివర్సిటీలో చదవడానికి ఇథియోపియా నుంచి వచ్చిన అబ్బాయి అద్దెకు అడిగాడు. అప్పటికే ఇద్దరు ఇంటివాళ్లు పోలీసుల గొడవ ఎందుకని కాదన్నారట. నాకూ టెన్షన్ పట్టుకుంది. తీరా చూస్తే, అతను దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని, ఇంట్లో విదేశీయుడు దిగాడని తెలిపే ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి, అంతే. పాస్‌పోర్టు, వీసా పక్కన పెట్టుకుని గంటలో పూర్తి చేశాను. వీసా 180 రోజులు మించితే దేశంలోకి వచ్చిన 14 రోజుల్లో విద్యార్థి వేరే రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. అది యూనివర్సిటీ వాళ్లే దగ్గరుండి చేయించారు.

కాగితాల పని తేలిపోయింది గానీ ఆ పిల్లాడి దిగులు మాకు అంతుపట్టలేదు. క్లాసు నుంచి రాగానే తలుపేసుకునేవాడు. అర్ధరాత్రి దాటాక మేడ మీద అడుగుల చప్పుడు వినిపించేది. వాళ్ల దేశం మనకంటే రెండున్నర గంటలు వెనక. వాళ్లమ్మ పనులు ముగించుకుని ఫోన్ చేసేసరికి మనకి ఒంటిగంట. ఆ తర్వాత నిద్ర పట్టేది కాదు, పొద్దున్న క్లాసు పోయేది.

బుధవారం మా అత్తమ్మ పంపిన పెరుగన్నం అలాగే తిరిగొచ్చింది. శుక్రవారం గుడ్డు కూరా అంతే. “ఏటి బాబూ, వంట్లో బాగోలేదా?” అంటే మొహమాటంగా నవ్వాడు. బెంగతో తిండి మానేశాడనుకున్నాం. వాళ్ల ఆర్థడాక్స్ చర్చిలో బుధ, శుక్రవారాలు ఉపవాసమని, పాలు, గుడ్లు, మాంసం ముట్టరని పది రోజులకి గానీ తెలియలేదు. ముందే అడగాల్సింది. ఆ పూట నాకు చాలా బాధేసింది. అప్పట్నుంచి ఆ రెండు రోజులూ పప్పు, కూరగాయలే. ఒకరోజు పులిసిన చోడిపిండి అట్లు పెడితే వాళ్ల ఊళ్లో వేసుకునే ఇంజెరా అనే పుల్లట్టు గుర్తొచ్చిందని నాలుగు తిన్నాడు.

అయినా రాత్రుళ్లు అడుగుల చప్పుడు ఆగలేదు. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చాను. ఇంగ్లీషులోనూ మాట్లాడతారని చెప్పాను. ఫోన్ చేశాడో లేదో నేను అడగలేదు.

సెప్టెంబరు 11న పొద్దున్నే కిందికొచ్చి, ఈరోజు మా కొత్త సంవత్సరం అన్నాడు. వాళ్లకి ఏడాదికి 13 నెలలు. అందరికీ కాఫీ చేస్తానని, పెరట్లో గడ్డి కోసుకోవచ్చా అని అడిగాడు. కోసుకొచ్చి నేల మీద పరిచాడు. “మన వినాయకుడికిలాగే గరికా!” అని అత్తమ్మ పీట జరుపుకుని కూర్చుంది. మా ఆడపడుచు కొరాపుట్ నుంచి తెచ్చిన పచ్చి కాఫీ గింజలు ఇంట్లో ఉన్నాయి. ఇనుప మూకుట్లో వేయించాడు. గింజలు నల్లబడి చిటపటమంటుంటే మూకుడు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి పొగ వాసన చూపించాడు. అత్తమ్మ దంచి ఇచ్చింది. అదే పొడితో మూడు విడతలు కాచాడు. మూడోదాన్ని బరకా అంటారట, అంటే దీవెన. అప్పటికి పలచబడిపోయింది, అయినా అత్తమ్మ గ్లాసు చాపింది. మా ఇంటికొచ్చాక అతను అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఇప్పుడు ఆదివారాలు హాస్టల్ నుంచి వాళ్ల దేశపు పిల్లలు మరో ఇద్దరు వస్తున్నారు. గరిక అత్తమ్మే కోసి ఉంచుతోంది.