ఊ కొడితేనే సాగే కథ: ఉద్దానం కొబ్బరితోటల మీద ప్రదర్శన చేసిన నా అనుభవం

వాతావరణం మారిపోతోందన్న దిగులు మీద, చూడవచ్చినవాళ్లు కూడా పాలుపంచుకునే కథాప్రదర్శన చేయాలనుకునేవారు ఈమధ్య నన్ను తరచూ వివరాలు అడుగుతున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల మీద మేము కొద్దిమందిమి కలిసి చేసిన పనిలో ఏ దశలో ఏం చేశామో, ఎందుకలా చేశామో వాళ్ల కోసం రాస్తున్నాను.

మాది సోంపేట వైపు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు దగ్గరలో తీరం దాటినప్పుడు, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరిచెట్టుకు మొవ్వు, అంటే తలలో కొత్త ఆకులు పుట్టే లేత మొగ్గ, ఒక్కటే ఉంటుంది. గాలి ఆ మొవ్వును మెలితిప్పేస్తే, చెట్టు నిలబడే ఉన్నా కొన్నాళ్లకు మట్టలు రాలిపోయి మోడవుతుంది. కొత్తగా నాటిన నాటురకం మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబర్‌లోనే కాబట్టి, మా వైపు పిల్లలకు ఆ నెలంటేనే బెరుకు. తిత్లీ నాటికి ప్రాథమిక పాఠశాలలో ఉన్న పిల్లలు ఎదిగి, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినగానే రాత్రంతా ఫోనులో తుఫాను మ్యాపులు చూస్తూ కూర్చోవడం నేను మా ఇంట్లోనే చూశాను. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన సర్వేలో, మన దేశంతో సహా 10 దేశాల్లోని 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10,000 మందిని అడిగితే, 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి చాలా లేదా విపరీతంగా ఆందోళన పడుతున్నామన్నారు. 45 శాతానికి పైగా ఆ ఆందోళన తమ రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తోందన్నారు. మా పిల్లల భయం వాళ్ల ఒక్కరిది కాదని ఆ సర్వే చదివాక నాకు స్పష్టమైంది. ఆ మాట ఉపన్యాసంగా చెబితే వాళ్లకు ఎక్కదని కూడా తెలుసు.

మొదటి పని గొంతులు సేకరించడం. రైతులను, జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లను, ఆ రాత్రి బడిలో తలదాచుకున్నవాళ్లను కలిసి, ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పి, రికార్డు చేసింది వాళ్లకు తిరిగి వినిపించి, వద్దన్న ముక్కలు అక్కడికక్కడే తీసేశాం. మాటలను శిష్టభాషలోకి మార్చాలన్న సూచన వచ్చినా నేను ఒప్పుకోలేదు. ఒక పెద్దాయన, నిలబడి ఎండిపోయిన చెట్టు మొదట్లో చేయి ఆనించి, "సెట్టు పడిపోతే ఒక బాద తల్లీ, నిలబడే సచ్చిపోతే ఇంకో బాద, రోజూ సూడాల గదా" అన్నారు. ఆ మాటను దిద్దితే అందులో మిగిలేది ఏమీ ఉండదు.

తరువాత చిక్కు శాస్త్రానికి సంబంధించింది. తిత్లీ వాతావరణ మార్పు వల్లే వచ్చిందని ప్రదర్శనలో రాయలేదు, ఎందుకంటే ఒక తుఫానును చూసి అంత మాట అనలేం. భూమి వేడెక్కేకొద్దీ మొత్తం తుఫానుల్లో అతి తీవ్రమైన వాటి వాటా పెరుగుతుందని వాతావరణ మార్పును అంచనా వేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ తన ఆరో నివేదికలో చెబుతుంది కాబట్టి, అంతవరకే రాశాం. పిల్లల భయంతో పని చేసేవారు ఉన్నదానికన్నా ఒక్క పిసరు కూడా ఎక్కువ చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది కథ నడిచే తీరు నిర్ణయించడానికి. తెర మీద బొత్తాలు నొక్కించడం సులువే గాని, అది మన కథ చెప్పే పద్ధతి కాదు. మన ఇళ్లలో అమ్మమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టాలి, ఊ ఆగితే కథ కూడా ఆగుతుంది. జముకు వాయిస్తూ చెప్పే మా ప్రాంతపు జముకుల కథలో కూడా ప్రధాన కథకులకు వంత పలికేవాళ్లు లేనిదే కథ ముందుకు పోదు. అందుకని చీకటిగదిలో వినిపించే గొంతు ప్రతి ఘట్టం చివర ఆగేలా, విన్నవాళ్లు ఊ అంటేనే మళ్లీ మొదలయ్యేలా ఏర్పాటు చేశాం. మాటలను గుర్తుపట్టే ప్రోగ్రాం ఏదీ వాడలేదు. గొంతు ఆగగానే మైకు ఒక క్షణం గదిలోని చప్పుడును కొలుచుకుంటుంది, దానికన్నా గట్టిగా, కొంచెంసేపు నిలిచే ధ్వని వినిపిస్తే తరువాతి ఘట్టాన్ని మొదలుపెడుతుంది. ఫ్యాన్లు తిరిగే గదుల్లో స్థిరమైన హద్దు పెడితే పనిచేయదు గనుక ఈ పద్ధతి అవసరమైంది.

కథలో ఎటు వెళ్లాలో ఎంచుకోవడం మాత్రం చేతితో జరుగుతుంది. కొబ్బరి మట్ట, పీచుతాడు, జీడిపిక్కల బుట్ట పక్కపక్కనే ఉంటాయి, దేన్ని తాకితే దానికి సంబంధించిన మనిషి గొంతు వస్తుంది. పొడి పీచులో విద్యుత్తు పారదు కాబట్టి, తాడు పేటల మధ్య సన్నని రాగి తీగ పేని, దాన్ని ఎంపీఆర్121 అనే స్పర్శ సెన్సరుకు, అక్కడి నుంచి ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు కలిపాం. ఒక సెన్సరుకు పన్నెండు వస్తువుల దాకా తగిలించవచ్చు. సముద్రపు తేమకు కొలతలు జారిపోతాయి కాబట్టి, రోజూ తలుపు తీయకముందే సరిచూసుకోవాలి. కథ కొమ్మలను గీసుకోవడానికి ఉచితంగా దొరికే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ చక్కగా సరిపోయింది, తెలుగు అక్షరాలు కూడా ఇబ్బంది పెట్టలేదు.

ఎంపికల విషయంలో మా మధ్య చాలా వాదన జరిగింది. తోట పోయిన కుటుంబం మళ్లీ కొబ్బరే నాటాలా, హైదరాబాద్‌కు పనికి వెళ్లిపోవాలా అన్నది చూసేవాళ్లే తేల్చాలి. ఏ దారిలోనూ తుఫాను ఆగిపోదు, ఒక్క మొక్క నాటగానే అంతా బాగుపడిపోదు. కథను గెలుపుతో ముగిస్తే పిల్లలు సంతోషిస్తారని కొందరన్నారు. అబద్ధపు ఊరట వచ్చే అక్టోబర్‌లో మొదటి గాలికే చెదిరిపోతుందని నేను వాదించాను. చివరికి, నాటిన దారిలో మొక్క పెరిగే ఏడేళ్లు ఏడు చిన్న ఘట్టాలుగా, ఒక్కోదానికి ఒక ఊతో సాగాలని నిర్ణయించుకున్నాం. ఒకరే ఉంటే అది చాలా నెమ్మదిగా అనిపిస్తుంది. నలుగురు కలిసి ఊ కొడితే గదిలో ఊపు వస్తుంది.

ప్రయోగంగా చూసిన ఇంటర్ విద్యార్థుల్లో ఒక అమ్మాయి బయటికి వచ్చి, "ఆంటీ, మా రాత్రి గురించి కూడా ఎవరైనా ఊ కొడతారా" అని అడిగింది. ఆ ప్రశ్నతో ప్రదర్శన రూపమే మారింది. చివర ఒక చిన్న గది చేర్చి, ఇష్టమున్నవాళ్లు తమ తుఫాను రాత్రిని చెప్పుకునేలా, పక్కనున్న ఇంకొకరు ఊ కొడుతూ వినేలా కుర్చీలు ఎదురెదురుగా వేశాం. చెప్పినవాళ్లు అనుమతిస్తే ఆ గొంతు అసలు కథలోకి చేరుతుంది, పేరు చేర్చం. ఇప్పుడు కథలో పెద్దవాళ్లకన్నా పిల్లల గొంతులే ఎక్కువ.

హాలు కోసం తిరగడం, కరెంటు అనుమతులు, సామాను లారీ మాట్లాడుకోవడం ఏ ప్రదర్శనకైనా ఉండేవే. ఒక్క విషయం మాత్రం తప్పనిసరిగా పాటించండి. పిల్లలు ఏడిస్తే పక్కన కూర్చోవడానికి తెలిసిన టీచరో, కౌన్సెలరో అక్కడ ఉండాలి, మానసిక ఆరోగ్య సాయం అందించే ఉచిత ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 బయటికి వెళ్లే తలుపు పక్కనే పెద్ద అక్షరాల్లో కనబడాలి. మా దగ్గరున్న సర్క్యూట్ బొమ్మలు, ట్వైన్ ఫైలు అడిగినవారికి ఇస్తాం. గొంతులు మాత్రం ఇవ్వం, అవి మీ ఊరి మనుషుల దగ్గర మీరే సేకరించుకోవాలి.