గ్యాస్ అయిపోయిందన్నారు

సోమవారం, రాత్రి

రోహిణి కార్తె ఇంకా రానేలేదు, బెజవాడలో అప్పుడే పొద్దున పదికల్లా రోడ్లు ఖాళీ. సరిగ్గా ఇప్పుడే మా వ్యాను ఏసీ మొరాయించింది. నిన్న గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి కిరాయి. గూడవల్లి, నిడమానూరు దాటేదాకా చక్కగా చల్లగా ఉంది. రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో ఆగగానే వేడిగాలి మొదలు. బెంజి సర్కిల్ సిగ్నల్‌కి వచ్చేసరికి వెనక సీట్లో పెద్దావిడ కొంగుతో విసురుకుంటూ, "బాబూ, ఏసీ వేశావా?" అని అడిగారు. "వేశానండీ" అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

స్టాండులో అందరిదీ ఒకటే తీర్పు: గ్యాస్ అయిపోయింది, కొట్టించెయ్. ఏసీ చల్లబడలేదంటే చాలు, మావాళ్ళ నోట వచ్చే మొదటి మాట ఇదే. అసలు ఏసీ గ్యాస్ వంటింట్లో గ్యాస్ బండలాగా వాడితే అయిపోయేది కాదు. మూసేసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టు. ఆ లీకు పట్టకుండా మళ్ళీ నింపడమంటే నెల తిరక్కుండా డబ్బులు మళ్ళీ వదిలించుకోవడమే. పైగా గ్యాసే తగ్గి ఉంటే హైవే మీద మాత్రం అంత చల్లగా ఎందుకుంటుంది? బండి కదిలితే చల్లన, ఆగితే వేడి అంటే గాలి తగలాల్సిన చోట తగలడం లేదని నా అనుమానం.

పొద్దున్నే ఆటోనగర్ వెళ్ళాను. నాకు తెలిసిన ఏసీ బాబాయి షెడ్డులో అప్పటికే రెండు బళ్ళున్నాయి. టీ తాగి కూర్చున్నా. నా వంతు రాగానే ఆయన బానెట్ ఎత్తి, ప్రెషర్ మీటరు నీలం పైపు తక్కువ ఒత్తిడి ఉండే 'లో' సైడుకి, ఎర్ర పైపు ఎక్కువ ఒత్తిడి ఉండే 'హై' సైడుకి తగిలించాడు. ఇంజను ఆఫ్‌లో ఉండగా మీటరు రెండు ముళ్ళూ ఒకేచోట, 120 పీఎస్ఐ దాటి నిలబడ్డాయి. ఈ ఎండకి మా బండి ఏసీలో ఉండే ఆర్-134ఎ గ్యాస్ అలాగే చూపిస్తుందట. "దీన్నిబట్టి గ్యాస్ ఎంతుందో తెలియదబ్బాయ్, మొత్తం పోలేదని మాత్రం తెలుస్తుంది" అన్నాడు. ఈ ఒక్క మాటకే ఈయన్ని నమ్మొచ్చు. తెలిసినంతే చెప్పేవాళ్ళు తక్కువ.

ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వేశాం. గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ క్లచ్ టక్కుమని పట్టుకుంది. ఎర్ర ముల్లు 200, 250, 300 దాటి పాకుతూనే ఉంది. నీలం ముల్లు 40 దగ్గర ఆగాల్సింది 60కి పోయింది. గ్యాస్ తక్కువైతే రెండూ కిందికి ఉండాలి. ఇక్కడ రెండూ పైనే. నిన్న స్టాండువాళ్ళ మాట విని ఇంకొంచెం గ్యాస్ కొట్టించి ఉంటే ఆ ముల్లు ఎక్కడిదాకా పోయేదో!

అప్పుడు బాబాయి కుర్రాడితో, "రేయ్, బకెట్టు నీళ్ళు తేరా" అన్నాడు. బండి ముందు గ్రిల్లు సందులోంచి కండెన్సర్ మీద, అంటే గ్యాస్ వేడిని బయటికి వదిలే రేకుల జాలీ మీద, మగ్గుతో మెల్లగా పోశాడు. నేను మీటరు ముందే కూర్చున్నా. 350కి దగ్గరపడుతున్న ఎర్ర ముల్లు నీళ్ళు పడ్డ కాసేపటికే జారుతూ జారుతూ 220కి దిగింది. లోపల చెయ్యి పెట్టి చూస్తే చల్లటి గాలి! నీళ్ళు ఆరాయి, ముల్లు మళ్ళీ ఎక్కింది. కంప్రెసర్‌కి, గ్యాస్‌కి రోగం లేదు, కండెన్సర్ వేడి బయటికి పోవడం లేదని అక్కడే తేలిపోయింది.

ఈ బండిలో ఇంజను ఫ్యాను వేరు, కండెన్సర్ ముందు ఏసీ కోసం పెట్టిన కరెంటు ఫ్యాను వేరు. ఆ రెండోది తిరగడం లేదు. రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలే ఆ పని చేసిపెడుతుంది కాబట్టి తెలియలేదు. బ్యాటరీ నుంచి నేరుగా వైరు ఇస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. మోటారు బతికే ఉందన్నమాట. ఫ్యూజు బాగుంది. ఇక మిగిలింది రిలే, అంటే ఫ్యానుకి కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బీ. ఏసీ వేసినప్పుడల్లా టక్ టక్ అంటోంది గానీ లోపల పాయింట్లు మాడిపోయి కరెంటు దాటడం లేదు. బాబాయి పక్కనున్న హారన్ రిలే పీకి దీని స్థానంలో గుచ్చాడు. ఒకే రకానివట. ఫ్యాను తిరిగింది. హారన్ పోయింది.

"ఏసీ లేకపోయినా పర్లేదు బాబాయ్, హారన్ లేకుండా బందరు రోడ్డు ఎలా ఎక్కను?" అంటే షెడ్డులో అందరూ ఒకటే నవ్వు. కుర్రాడు వీధి చివరి షాపుకి పోయి కొత్త రిలే తెచ్చాడు. రెండొందలు కూడా కాలేదు.

ఎలాగూ విప్పాం కదా అని కండెన్సర్ కడిగించాను. రేకుల మధ్య వరి పురుగులు, దుమ్ము, ఏదో పిట్ట ఈక. ప్రెషర్ గన్ వద్దన్నాడు, రేకులు వంగిపోతే గాలి దారి మూసుకుపోతుందట. మామూలు పైపుతో నెమ్మదిగా కడిగాడు. ముందు సీటు కింద మ్యాటు ఎందుకు తడుస్తోందో కూడా ఇవాళే తెలిసింది. బండి లోపల గాలిని చల్లబరిచే ఏసీ కాయిల్ మీద పట్టిన నీరు కిందికి పోయే సన్నని రబ్బరు గొట్టం మట్టితో పూడిపోయింది. తీగతో పొడిస్తే దోసెడు బురదనీళ్ళు రోడ్డు మీద పడ్డాయి. ఇన్నాళ్ళూ ఎక్కినవాళ్ళ వాటర్ బాటిళ్ళని అనుమానించాను.

మధ్యాహ్నం రెండింటికి, కావాలనే, ఏసీ వేసి షెడ్డు బయట ఎండలో బండి ఆపి కూర్చున్నా. ఎర్ర ముల్లు 240 అటూ ఇటూ. వెనక టాప్ బ్లోయర్ దగ్గర కూడా బాగానే తగులుతోంది.

ఫ్యాను మోటారు బుష్‌లు కొంచెం అరిగాయి, గరగరమని చప్పుడొస్తే ఆలస్యం చెయ్యొద్దన్నాడు బాబాయి. బుధవారం అంతర్వేదికి పెళ్ళి కిరాయి, అది అయ్యాక చూడాలి. శ్రావణం ముహూర్తాలు మొదలైతే బండి షెడ్డులో పెట్టడం కుదరదు. పాత రిలే డాష్‌బోర్డులో పడేశాను. రేపు స్టాండులో దాని మూత విప్పి అందరికీ చూపించాలి, ముఖ్యంగా "కొట్టించెయ్" అన్నవాళ్ళకి.