భాస్వరం చాప్టర్: ఒక్క ప్రశ్న పట్టుకుని చదివితే

ఏఓ (వ్యవసాయ అధికారి) పోస్టులకీ, జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) పరీక్షకీ చదివేవాళ్ళలో చాలామంది భాస్వరాన్ని రెండు ముక్కల్లో ముగించేస్తారు: కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులో ఉంటుంది, లోపిస్తే ఆకులు ఊదా రంగుకి తిరుగుతాయి. అదే పేపర్లో "భాస్వరం తగ్గితే ఆకులో స్టార్చ్ ఎందుకు పెరుగుతుంది?" అని తిప్పి అడిగితే టెన్షన్ మొదలవుతుంది. తిండి సరిగ్గా అందని మొక్క ఆకులో పిండి పేరుకోవడమేంటని నాకూ వింతగానే అనిపించింది. ఆ ప్రశ్న వెంట పడితే చాప్టర్‌లో ముప్పాతిక భాగం దానంతటదే వచ్చేసింది.

కిరణజన్య సంయోగక్రియలో కార్బన్‌ని చక్కెరగా మార్చే కాల్విన్ వలయంలో 3 కార్బన్ డయాక్సైడ్ అణువులకి 9 ఏటీపీ, 6 ఎన్ఏడీపీహెచ్ (ఎలక్ట్రాన్లు మోసే అణువు) ఖర్చయితే ఒక ట్రయోజ్ ఫాస్ఫేట్ (ఫాస్ఫేట్ తగిలిన మూడు కార్బన్ల చక్కెర) మిగులుతుంది. అది హరితరేణువు దాటి సైటోసాల్‌లోకి (బయటి కణద్రవంలోకి) వెళ్తేనే సుక్రోజ్ అవుతుంది. హరితరేణువు లోపలి పొరలో ఉన్న ట్రాన్స్‌లొకేటర్ ప్రోటీన్ దాన్ని ఊరికే వదలదు. ఖాళీ సిలిండర్ ఇస్తేనే నిండుది చేతికొచ్చినట్టు, ఒక ఫాస్ఫేట్ (మొక్క వాడుకునే భాస్వరం రూపం) లోపలికి వస్తేనే ఒక ట్రయోజ్ ఫాస్ఫేట్ బయటికి వెళ్తుంది. బయట ఫాస్ఫేట్ కరువైతే సరుకంతా లోపలే చిక్కుకుంటుంది. పైగా స్టార్చ్ తయారీని నడిపే ఏడీపీ-గ్లూకోజ్ పైరోఫాస్ఫోరిలేజ్ ఎంజైమ్‌ని అణిచి ఉంచేది ఫాస్ఫేటే. ఆ అడ్డూ తొలగిపోతుంది కాబట్టి స్టార్చ్ పెరుగుతుంది. ఆకు ముక్కలకి మానోజ్ చక్కెర అందించిన ప్రయోగం దీనికి మంచి రుజువు. మానోజ్ ఫాస్ఫేట్‌ని కట్టేసుకుంటుంది, దాంతో స్టార్చ్ పెరుగుతుంది. ఈ ప్రయోగాన్ని వదిలేయకండి.

హరితరేణువు లోపలి ద్రవమైన స్ట్రోమాలోనూ ఫాస్ఫేట్ తగ్గితే ఏటీపీని తయారుచేసే ఏటీపీ సింథేజ్‌కి ముడిసరుకు ఉండదు. ప్రోటాన్లు థైలకాయిడ్ (వెలుగును పట్టే పొరల సంచి) లోపలే పేరుకుని ఆమ్లత్వం పెరుగుతుంది, ఆ పొరలోని సైటోక్రోమ్ బి6ఎఫ్ ప్రోటీన్ దగ్గర ఎలక్ట్రాన్ల నడక మందగిస్తుంది, పట్టిన వెలుగులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. ఏటీపీ చాలక, కార్బన్ డయాక్సైడ్‌ని అందుకునే ఆర్‌యూబీపీ మళ్ళీ తయారవదు, కార్బన్ పట్టడం పడిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ వేగాన్ని లెక్కగట్టే ఫార్కర్ మోడల్ 1980లో వచ్చినప్పుడు రుబిస్కో (కార్బన్ పట్టే ఎంజైమ్), ఆర్‌యూబీపీ పునరుత్పత్తి అనే రెండు పరిమితులే ఉన్నాయి. మూడోదైన టీపీయూని (ట్రయోజ్ ఫాస్ఫేట్ వినియోగాన్ని) 1985లో షార్కీ చేర్చాడు. ఇప్పుడు చెప్పుకున్న సిలిండర్ గొడవే అది.

ఇది అర్థమైతే లక్షణాలు బట్టీ పట్టక్కర్లేదు. క్లోరోఫిల్ తగ్గేలోపే ఆకు ఎదుగుదల ఆగిపోతుంది కాబట్టి ఆకు చిన్నదై ముదురు ఆకుపచ్చగా కనిపిస్తుంది. కదలని చక్కెరలు ఆంథోసయనిన్ తయారీని పెంచుతాయి, ఊదా రంగు అక్కడిది. భాస్వరం మొక్కలో కదిలే పోషకం, అందుకే ముందు దెబ్బతినేది ముదురాకులు. "లేత ఆకులు పసుపుబారుట" అనే ఆప్షన్ చూసి మోసపోవద్దు. నన్నడిగితే పంటకి అసలు నష్టం రంగులో లేదు, ఆకు విస్తీర్ణం తగ్గడంలో ఉంది. పిలకలు తగ్గడమూ అంతే ముఖ్యం.

చలికాలంలో మొక్కజొన్న మొలకలు ఊదాగా మారితే నేలలో భాస్వరం లేదని తీర్మానించలేం. నేల చల్లబడితే వేళ్ళు ఉన్నదాన్నీ తీసుకోలేవు. ఎండ ముదిరాక చాలాసార్లు అదే పచ్చబడుతుంది. నేలలో ఉండటం వేరు, మొక్కకి అందడం వేరు. అందుబాటు అంటే ఇదే.

సాయిల్ సైన్స్ వైపు త్వరగా ముగించవచ్చు: ఆమ్ల నేలల్లో ఇనుము, అల్యూమినియం, క్షార నేలల్లో కాల్షియం భాస్వరాన్ని పట్టేస్తాయి. నేలలో అందే భాస్వరాన్ని కొలవడానికి మొదటివాటికి బ్రే పద్ధతి, రెండోవాటికి ఓల్సెన్ పద్ధతి. లెక్కల బిట్లలో మాత్రం నిదానించండి. 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోలున్నది పీ2ఓ5 (భాస్వరం ఆక్సైడ్‌గా కట్టే లెక్క), అసలు భాస్వరం దాదాపు 10 కిలోలే. ప్రశ్నలో ఏది అడిగారో చూసుకున్నాకే ఆప్షన్ల వైపు వెళ్ళండి.